శనివారం లెక్క

మా బడిలో దెబ్బలు శనివారం మాత్రమే ఉండేవి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రాయడం, శనివారం ఆఖరి పీరియడులో కొట్టడం. ఆలస్యంగా వస్తే రెండు, ఎక్కం తప్పితే ఒకటి, అబద్ధమాడితే నాలుగు. ఎర్ర అట్ట వేసిన పొడుగు పుస్తకంలో అయిదు గళ్ళు గీసి ఉంచాను: తేదీ, పేరు, కారణం, ఎన్ని, ఇచ్చినవి. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాకు ఎనభై ఆరేళ్ళు. కళ్ళజోడు పెట్టుకుంటే నా రాత నేను చదువుకోగలను.

ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టలేదు, ఒక్కటి తక్కువ కొట్టలేదు అని చాలా ఏళ్ళు గర్వంగా చెప్పుకునేదాన్ని. ఒక్క పేజీలో ఆ మాట చెల్లదు. ఆ పేజీ గురించే ఇది.

నేను 1997లో ప్రభుత్వ హైస్కూలు నుంచి రిటైరయ్యాను. ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పాను. మరుసటి ఏడాది జూన్‌లో పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో ఒక పాత జీడిపప్పు గోదాము అద్దెకు తీసుకుని, గోడలకు రెండుసార్లు సున్నం వేయించి, ఆడపిల్లల బడి పెట్టాను. రెండుసార్లు వేసినా వాన పడితే గోడల్లోంచి జీడి కమురు వాసన వచ్చేది. చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళలో ఏడో తరగతి అయ్యాక ఆడపిల్లను మాన్పించేసేవారు. పై చదువుకు దూరం వెళ్ళాలి, అక్కడ మగపిల్లలు, మగ పంతుళ్ళు. మా బడిలో మగ పంతులు లేడు. మాకున్న ప్రచారం ఆ ఒక్క ముక్కే.

మేం ముగ్గురం. లెక్కలూ సైన్సూ నావి. ఇంగ్లీషూ డ్రిల్లూ టెక్కలి నుంచి వచ్చే టీచరువి. ఆమె తల్లి మిషన్ సంఘంలో ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి వినిపించిన మనిషి. టీచరుకి నలభై అయిదేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, పాతికేళ్ళుగా ఆడపిల్లలకే చదువు చెబుతోంది. తెలుగూ సోషలూ చెప్పడానికి సుమ్మాదేవి నుంచి పాసింజరు బండిలో ఒక చిన్నమ్మాయి వచ్చేది. బండి ఆలస్యమైన రోజున ఆమె క్లాసు కూడా నేనే చూసేదాన్ని.

మొదటి ఏడాది నలభై ఒక్క మంది చేరారు. కర్ర ముట్టుకోకూడదని ముందే అనుకున్నాను. దానికి కారణముంది. 1946లో నన్ను వీధిబడిలో వేశారు. మగపిల్లల్ని పంతులుగారు దూలానికి కట్టిన తాడు పట్టించి వేలాడదీసేవారు. చేతులు వదిలితే కింద ముళ్ళకంప. ఆడపిల్లలం నలుగురమే, మాకు వేలాడదీయడం లేదు. వేళ్ళ సందుల్లో పలకపుల్లలు పెట్టి పిడికిలి బిగించి నొక్కేవారు. తొమ్మిదో ఎక్కంలో తొమ్మిదెనిమిదుల దగ్గర తప్పినందుకు నా మధ్యవేలు లోపల ఎక్కడో టక్కుమంది. ఆ వేలు ఇప్పటికీ కొద్దిగా వంకర. తొమ్మిదెనిమిదులు మళ్ళీ ఎప్పుడూ తప్పలేదు. ఈ రెండింటిలో దేన్ని ముందు చెప్పాలో నాకు ఏనాడూ తేలలేదు.

డిసెంబరుకల్లా తొమ్మిది మందిని మాన్పించేశారు. ఒక తండ్రిని అడిగాను, ఏం లోపం జరిగిందని. కూతురి చెయ్యి పట్టుకుని తిప్పి చూపించాడు.

"ఏటమ్మా, ఆర్నెల్లయింది. ఒంటి మీద ఒక్క వాత లేదు. మరి ఏటి సెప్తన్నారు మీరు?"

"చదువు చెబుతున్నాం."

"సదువు సెప్తే ఏడవదేటి గుంట? రోజూ నవ్వుకుంటా వస్తంది ఇంటికి!"

అతను వెళ్ళాక టెక్కలి టీచరు కిటికీ దగ్గర నిలబడి, "అమ్మగారూ, వీళ్ళు ఫీజు దేనికి కడుతున్నారనుకున్నారు?" అంది. ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది.

జనవరి నుంచి పుస్తకం మొదలుపెట్టాను. కోపం మీద కొట్టకూడదు, అందుకే వారానికి ఒకసారి. ఇష్టం వచ్చినట్టు కొట్టకూడదు, అందుకే లెక్క. సగం కుడిచేతికి, సగం ఎడమచేతికి. ఎన్ని పడ్డాయో పిల్లే పైకి లెక్కపెట్టాలి. ఇది వీధిబడికీ మా బడికీ తేడా అనుకున్నాను. జూన్‌కల్లా ఊరంతా తెలిసిపోయింది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్ళు ఎవరి కర్ర వాళ్ళే తెచ్చారు. తోటలవాళ్ళు జీడికొమ్మ, సముద్రం వైపువాళ్ళు సరుగుడు బెత్తం. పాత డ్రమ్ములో నిలబెట్టి, ప్రతి దానికీ ఒక గుడ్డపీలిక కట్టి పేరు రాశాను. ఎవరింటి కర్రతో ఆ ఇంటి పిల్లనే కొట్టేదాన్ని. ఇంటివాళ్ళు కొట్టినట్టే కదా అని సరిపెట్టుకున్నాను. ఆ ఏడాది పిల్లలు ఎనభై దాటారు.

బడికి ఎదురుగా టీ బడ్డీ ఉండేది. శనివారం సాయంత్రం అక్కడ బల్ల మీద చోటు దొరికేది కాదు. లోపల పిల్ల "ఒకటి" అంటే బయట వాళ్ళూ "ఒకటి" అనేవారు. ఎవరికి ఎక్కువ పడతాయో పందేలు వేసుకునేవారు. "నేడు డొంకూరు గుంటదే పైసెయ్యి" అని ఒకడు అరవడం నేను చెవులారా విన్నాను. కిటికీలు మూయించాను. రేకుల కొట్టంలో శబ్దం ఆగదు.

డొంకూరు పిల్ల అంటే మొదటి రోజున మొదటగా చేరిన పిల్ల. 1998లో ఎనిమిదో తరగతి. తల్లి లేదు. తండ్రి గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్ళి ఏడాదికోసారి వచ్చేవాడు. అమ్మమ్మ ఆ పిల్లను పెట్టుకుని కాశీబుగ్గలో జీడిబట్టీలో పిక్కలు కోసేది. చేర్పించడానికి వచ్చిన రోజున ఆమె చేతిలో సరుగుడు బెత్తం ఉంది. అప్పటికింకా ఎవరూ కర్రలు తేవడం లేదు. చుట్ట తిరగేసి, నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఉంది. పేరు రాయమని అడిగితే చుట్ట తీయకుండానే చెప్పింది.

"ఇది మా ఊరు సరుగుడు, పంతులమ్మా. ఇరగదు. పిల్లకి లెక్కలొస్తాయి గానీ నోరెక్కువ. నోటికి కొట్టకు. సేతికి కొట్టు."

నేను నవ్వి ఆ బెత్తాన్ని మూలన పడేశాను. పుస్తకం మొదలయ్యాక డ్రమ్ములో మొదట దిగింది అదే.

ఆమె చెయ్యి నాకు బాగా గుర్తు. జీడిపిక్క డొక్కలో, అంటే పై పెంకులో, నూనె ఉంటుంది, ఒంటికి తగిలితే కాలుతుంది. బట్టీ ఆడవాళ్ళు చేతులకు ఆముదమూ బూడిదా రాసుకుని కూర్చుంటారు. అయినా ఏళ్ళు గడిచేకొద్దీ అరచేయి నల్లబడి, బిగిసి, చెప్పు అడుగులా అయిపోతుంది. ఆ అమ్మమ్మ ఆరిపోయిన చుట్టను ముట్టించుకోవడానికి టీ బడ్డీ పొయ్యిలోంచి నిప్పుకణాన్ని వేళ్ళతో తీసేది. తీసి, తొందరేమీ లేకుండా, మాట్లాడుతూ పట్టుకునేది.

పిల్ల కూడా తెల్లవారుజామునే లేచి పప్పు మీద పొర ఒలిచి వచ్చేది. అందుకే రోజూ ఆలస్యం. వారానికి ఎనిమిది, పది దెబ్బలు. ఆ పిల్ల లెక్కల్లో నేను ఇన్నేళ్ళలో చూసిన పిల్లలందరిలో మొదటి అయిదుగురిలో ఉంటుంది. తన దెబ్బల లెక్క కూడా తనే చూసుకునేది.

"అమ్మగారూ, పది రాశారు. ఎనిమిదేనండి. బుధవారం గంట కొట్టేటప్పటికి నేను గుమ్మంలో ఉన్నాను."

"గుమ్మంలో ఉంటే లోపల ఉన్నట్టా?"

"మీరే అన్నారు కదండి, గుమ్మం దాటితే ఆలస్యం కాదని. ఒక కాలు దాటింది."

పిల్లలు నవ్వారు. నేను పుస్తకంలో పదిని కొట్టేసి ఎనిమిది రాశాను. ఎనిమిదీ కొట్టాను. చేతులు చాచడంలో ఆ పిల్ల ఎన్నడూ వెనకాడలేదు. లెక్క సరిపోతే చాలు.

2001 మార్చిలో మాది మొదటి పదో తరగతి. పదకొండు మంది. వాళ్ళు పాసైతే ఉద్దానం ఊళ్ళలో ఆడపిల్లను పదిదాకా చదివించే అలవాటు మొదలవుతుంది. పోతే మా బడి ఉండదు. డొంకూరు పిల్ల పాసైతే టెక్కలిలో ఇంటర్‌లో వేస్తానని తండ్రి ఉత్తరం రాశాడు. తప్పితే అమ్మమ్మ పక్కన బట్టీలో పీట వేసి ఉంది. పిల్లకి ఈ రెండే దారులు.

ఫిబ్రవరి 16, శుక్రవారం. ఆ పిల్ల చేతులు ఓణీ కింద దాచుకుని కూర్చుంది. ఏమిటని అడిగాను.

"గోరింటాకండి."

"చూపించు."

చూపించింది. రెండు అరచేతులూ ముదురు గోధుమరంగులో, మెరుస్తూ ఉన్నాయి. గోరింటాకు ఎర్రగా పండుతుంది. ఇది జీడి. పలాసలో నల్లచేయి చూసి ఎవరూ ఆగరు. మా పిల్లల్లో సగం మందికి వేళ్ళు అలాగే ఉండేవి. నేను చూసింది అబద్ధాన్ని ఒక్కదాన్నే. నాలుగు రాశాను. అప్పటికి ఆ వారంలో నాలుగు ఆలస్యాలకు ఎనిమిది ఉన్నాయి. మొత్తం పన్నెండు.

శనివారం ఆఖరి పీరియడులో పేరు పిలిచాను. తోటిపిల్లలు మెడలు సాచి చూస్తున్నారు. పిల్ల వచ్చి కుడిచెయ్యి చాచింది. ముఖంలో ఒక రకమైన ఉత్సాహం ఉంది.

"ఎన్ని?"

"పన్నెండండి. సరిపోయింది."

ఒకటి అంది. గొంతు మామూలుగానే ఉంది. రెండు. మూడో దెబ్బకి పెదవి కొరుక్కుంది. నాలుగో దెబ్బకి బెత్తం తడిగా తగిలింది. చెమట అనుకున్నాను. అయిదు అనేటప్పుడు మాట గాలిగా వచ్చింది. ఆరో దెబ్బ వేసి బెత్తం ఎత్తితే బెత్తంతోపాటు చర్మం లేచింది. నల్లటి పొర, వెడల్పుగా, తడిసిన కాగితంలా. దాని కింద అరచేయి లేదు, ఎర్రటి మాంసం ఉంది. నీరూ నెత్తురూ కలిసి మణికట్టు దాకా కారాయి.

"ఆరు" అంది. చెయ్యి దించలేదు.

బయట టీ బడ్డీ దగ్గర ఒకడు ముందుగానే "ఏడు!" అని అరిచాడు. ఇంకొకడు, "ఏటిరా, ఏడు పడలేదు!" అన్నాడు.

బెత్తం ఎప్పుడు వదిలేశానో తెలియదు. టెక్కలి టీచరు పరుగున వచ్చి పిల్లను నేల మీద కూర్చోబెట్టింది. అప్పుడు పక్కబల్ల పిల్ల ఏడుస్తూ చెప్పింది. గురువారం సాయంత్రం ఆ పిల్ల పచ్చిపిక్కల డొక్కలు చితక్కొట్టి, ఆ నూనె రెండు అరచేతులకూ పూసుకుని ఆరబెట్టుకుంది. అమ్మమ్మ చెయ్యి నిప్పునే పట్టుకుంటుంది కదా, అలాంటి చెయ్యి అయితే బెత్తం దెబ్బ తెలియదని. రెండు రోజుల్లో చర్మం బిగుస్తుందని లెక్క వేసుకుంది. బిగిసింది కూడా. లోపల బొబ్బలు లేచాయి. శనివారం దాకా నొప్పిని నోరు మూసుకుని భరించి, పని చేస్తుందో లేదో చూద్దామని క్లాసంతటికీ చెప్పి, నా ముందుకు వచ్చింది. అమ్మమ్మ చేతికి ఆముదమూ బూడిదా ముప్పై ఏళ్ళూ ఉన్నాయన్నది ఆ లెక్కలో లేదు.

కబురు వెళ్ళి అమ్మమ్మ వచ్చింది. పిల్ల చేతిని ఒక్కసారి చూసి, వీపు మీద పిడికిలితో గుద్దడం మొదలుపెట్టింది. "నా సెయ్యి సూసి సేసుకున్నావేటే! నా సెయ్యి నీకు కావాలేటే! దీన్ని వదిలించుకోడానికే కదే నిన్ను సదివిత్తన్నాను!" ఒక్కో మాటకీ ఒక్కో గుద్దు. పిల్ల ముందుకు వంగి, కుడిచెయ్యి ఒక్కటీ పైకెత్తి పట్టుకుంది, నేల తగలకుండా. మేమిద్దరం పట్టి లాగితే గానీ ఆమె ఆగలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. చేతికి కొట్టమని తనే చెప్పింది కదా.

ఆసుపత్రిలో డాక్టరు కట్టు కట్టి, నెల దాకా ఆ చేత్తో ఏమీ పట్టుకోకూడదన్నాడు. పరీక్షలకు ముప్పై రెండు రోజులే ఉన్నాయి. పైచర్మం పట్టినా అరచేయి ముడవడం కష్టమన్నాడు. చెయ్యి బాగులేని విద్యార్థికి తరఫున రాసే మనిషిని ఇస్తారు, ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి, సర్టిఫికెట్ ఇస్తాను అన్నాడు. "ఎలా జరిగిందని రాయను?" అని నన్నే అడిగాడు.

"జీడినూనె వల్ల" అన్నాను.

అతను నా ముఖం చూశాడు. తరువాత రాశాడు. సోమవారం నేను బడి తరఫున దరఖాస్తు రాసినప్పుడు కూడా అదే రాశాను: జీడినూనె తగిలి కుడి అరచేయి కాలినందున. అబద్ధం కాదు. మా బడికి పై తరగతుల గుర్తింపు అప్పుడే కొత్తగా వచ్చింది. టెక్కలి టీచరు చదివి కవరు అంటించింది.

కాగితాన్ని శ్రీకాకుళం నేనే పట్టుకెళ్ళాను. అక్కడి అధికారి పైనుంచి కింది దాకా చదివి నవ్వాడు.

"పలాస నుంచేనామ్మా? జీడిచేతులకి రాతమనిషిని ఇస్తే మీ ఊళ్ళో సగం మందికి ఇవ్వాలి. వాళ్ళంతా రాయడం లేదా?"

"ఇది అలాంటిది కాదండి."

"మరెలాంటిది?"

గదిలో పంకా తిరుగుతోంది. నేను చెప్పలేదు. ఆయన కాగితాన్ని పక్కనపెట్టి ఇంకొకరిని పిలిచాడు. బస్సులో తిరిగి వస్తూ టెక్కలి దాకా ఒక్కటే ఆలోచించాను: ఆరు దెబ్బలు అని చెబితే ఇచ్చి ఉండేవాడా? ఇచ్చి ఉండేవాడు. నాకు అప్పుడే తెలుసు.

ఆ నెలంతా రోజూ సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్ళి లెక్కలు నోటితో చెప్పించాను. తను చెబుతుంటే పలక మీద నేను రాసేదాన్ని. "అమ్మగారూ, తొందరగా రాయండి, మీ చెయ్యి నెమ్మది" అని విసుక్కునేది. అమ్మమ్మ గడపలో కూర్చుని వినేది. నాకు పీట వేయడం మానేసింది.

పరీక్షల రోజుల్లో పిల్ల చేతికి గుడ్డ చుట్టుకుని వెళ్ళింది. భాషలు ఎలాగో గడిచాయి. లెక్కల రోజున నేను పరీక్ష కేంద్రం గేటు బయట నిలబడ్డాను. బెల్లు కొట్టాక పిల్లలందరూ పరిగెత్తుకొచ్చారు. ఈ పిల్ల చివరగా, చెయ్యి భుజం ఎత్తుకు పట్టుకుని, నెమ్మదిగా నడిచి వచ్చింది. గుడ్డ ఎర్రగా నానిపోయింది. గంటన్నరకే కొత్త చర్మం పగిలిందట. కాగితం మీద పడుతుంటే లోపలి మేడమ్ తిట్టి ఇంకో గుడ్డ ఇచ్చిందట. తరువాత కలం నిలవలేదు.

"అన్నీ తెలుసండి" అంది. ఏడవలేదు. "చేతికే తెలియలేదు."

ఫలితాలు వచ్చాయి. పదకొండు మందిలో పదిమంది పాస్. ఆ పిల్లకి లెక్కల్లో ముప్పై ఒకటి. పాసుకు ముప్పై అయిదు. టీ బడ్డీలో మిఠాయి పంచారు. తల్లిదండ్రులు నన్ను పూలదండతో కుర్చీలో కూర్చోబెట్టారు. ఒకాయన, "కొట్టి సదువు సెప్తే ఇలాగుంటాది మరి!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దండ తీసి టెక్కలి టీచరు చేతికిచ్చి బట్టీకి వెళ్ళాను. పొడుగు రేకుల షెడ్డు. ఆడవాళ్ళు వరుసగా పీటల మీద కూర్చుని పిక్కలు కోస్తున్నారు, కత్తులు పడుతున్న శబ్దం, పొగ. చివరి పీట మీద ఆ పిల్ల. ఎడమచేత్తో పప్పు ఏరుతోంది. కుడిచెయ్యి ఒళ్ళో సగం ముడుచుకుని ఉంది.

"సప్లిమెంటరీ ఉంది. లెక్కలు ఒక్కటే రాయాలి. పంపించు" అన్నాను అమ్మమ్మతో.

ఆమె చేతిపని ఆపలేదు. "ఆ సెయ్యి నీకు ఒకపాలి ఇచ్చేనమ్మా. మల్లీ ఇయ్యను."

"ఈసారి నేను బాధ్యత."

"కితంసారి ఎవురిది? రాసే మనిసినిత్తారన్నావు. ఎందుకియ్యలేదు?"

"జీడిచేతులు అందరికీ ఉంటాయన్నారు."

అప్పుడు కత్తి ఆపింది. "జీడిచెయ్యేటి? నువ్వేటి రాసినావని?"

నేను పంపే ప్రతి కాగితానికీ నకలు ఉంచుకుంటాను. అది సంచిలోనే ఉంది. తీసి పిల్లకిచ్చాను. చదవమంది అమ్మమ్మ. పిల్ల పైకి చదివింది, క్లాసులో చదివినట్టే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. అయిపోయాక కాగితం వెనక్కి తిప్పి చూసింది, ఇంకేమైనా ఉందేమోనని.

"ఆరు దెబ్బలు రాయలేదండి" అంది. "అవి కూడా వేసుకుంటే గానీ సరిపోదు కదండి."

అమ్మమ్మ లేచిన తీరు నేను చూడలేదు. రెండు చేతులూ నా భుజాల మీద పడ్డాయి. వెనక్కి డొక్కల గుట్ట మీద పడ్డాను. తల రేకు గోడకి కొట్టుకుని చెవిలో హోరు పుట్టింది. కత్తుల చప్పుడు వరుసగా ఆగిపోయింది.

"పంతులమ్మని తోసీసినావేటే!" అందెవరో.

"తోసినాను. దాని పుస్తకంలో రాసుకోమను."

ఇద్దరు నన్ను లేవదీసి, చీరకంటిన నూనె మీద బూడిద చల్లారు. అమ్మమ్మ నిలబడే ఉంది, ఊపిరి బరువుగా తీస్తూ. "ఆరూ రాయి" అంది. "ఎవురికి రాసినావో ఆడికే రాయి. అప్పుడొస్తాది గుంట."

ఆ సాయంత్రం బడిలో ఉత్తరం రాశాను. టెక్కలి టీచరు నా భుజం మీదుగా చదివింది. ఈసారి ఊరుకోలేదు.

"ఇది వెళితే పదో తరగతి ఉండదు అమ్మగారూ. తొమ్మిదిలో పదిహేడు మంది ఉన్నారు. ఒక్కదాని కోసం పదిహేడు మందిని బట్టీలోకి తోస్తారా?"

"ఆ ఒక్కదానికి నేనేం రాశానో మీరూ చూశారు."

"చూశాను. కవరు నేనే అంటించాను. ఇప్పుడూ అంటించొద్దంటున్నాను. మనం చేసిన పాపం మనం మోద్దాం, పిల్లల చేత మోయించొద్దు."

ఆమె చెప్పింది తప్పు కాదు. అయినా ఉత్తరాన్ని మర్నాడు పొద్దున్న నేనే పోస్టు చేశాను: కాలిన చేతి మీద బెత్తంతో ఆరు దెబ్బలు కొట్టినది ప్రధానోపాధ్యాయురాలినైన నేనే, మొదటి దరఖాస్తులో ఆ సంగతి దాచాను. అమ్మమ్మకి చదివి వినిపించమని నకలు పిల్లకి పంపాను.

ఆఫీసు నుంచి జవాబు రాకముందే సప్లిమెంటరీ వచ్చింది, పిల్ల తన చేత్తోనే రాసింది. అరచేయి పూర్తిగా ముడవదు గనుక కలాన్ని రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని రాసింది. ఎనభై ఎనిమిది వచ్చాయి. జూలైలో టెక్కలిలో చేరింది.

తనిఖీ ఆగస్టులో వచ్చింది. డ్రమ్ములో ఉన్న కర్రలు లెక్కపెట్టారు: అరవై మూడు. పుస్తకం చూపించమంటే చూపించాను. ఇంత వివరంగా ఎవరూ రాసుకోరమ్మా అన్నాడు వచ్చినాయన. పై తరగతుల గుర్తింపు పోయింది. పదిహేడు మందిలో ఆరుగురు వేరే బడుల్లో చేరారు. పదకొండు మంది మానేశారు. ఆ పదకొండు మంది పేర్లూ వేరే కాగితం మీద రాసి అదే పుస్తకంలో పెట్టాను. టెక్కలి టీచరు ఆ ఏడాది ఆఖరుకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. శనివారం లెక్క ఆపేశాక చిన్న తరగతులు కూడా పలచబడ్డాయి. 2004 ఏప్రిల్‌లో గోదాము తాళాలు ఇచ్చేశాను.

వీటన్నిటికీ ముందు, ఆ జూలైలో, టెక్కలి వెళ్ళే ముందురోజు ఆ పిల్ల బడికి వచ్చింది. ఎర్ర పుస్తకం అడిగి తీసుకుని, ఫిబ్రవరి పేజీ తీసింది. ఎన్ని: పన్నెండు. ఇచ్చినవి: ఆరు. వేలితో రెండు గళ్ళూ చూసుకుని ఎడమచెయ్యి చాచింది.

"ఇంకా ఆరున్నాయండి."

డ్రమ్ము వైపు చూడలేదు. కలం తీసి, ఆ వరుసని అడ్డంగా గీసేస్తానన్నాను.

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని పుస్తకం మూసింది. "వద్దండి. గీసేస్తే పడినవి కూడా పోతాయి. అలాగే ఉంచండి" అంది. పుస్తకాన్ని బల్ల మీద సరిగ్గా అంచుకి పెట్టి, గంట కొట్టకముందే గుమ్మం దాటి వెళ్ళింది.

అలాగే ఉంచాను.